బొగ్గూ ఇనుమూ పక్కపక్కన పెడితే: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 11

మూడో నంబరు బిళ్ళ పోయింది. ఉప్పునీళ్ళలో వేసి నిండా నాలుగు రోజులు కాలేదు, పొద్దున చూస్తే బీకరులో నీళ్ళు పలచటి టీ రంగులోకి మారాయి, అడుగున నారింజ రంగు మడ్డి. ల్యాబ్‌లో సాయం చేసే బాబాయ్ బీకరెత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూసి "ఏటమ్మా ఇది, తుప్పట్టిపోనాది" అన్నాడు. అదైతే నాకూ కనిపిస్తోంది. నాకు మింగుడుపడనిది పక్క బీకరు. అందులో ఒకటో నంబరు ఉంది, అదే ఇనప్పొడి, అదే ఎపాక్సీ (గట్టిపడే జిగురు), కాకపోతే బొగ్గు కలపలేదు. దాని అంచున రెండు చిన్న మచ్చలు తప్ప ఏమీ లేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి.

అంటే తుప్పు పట్టదని నమ్మి నేను కలిపిన బొగ్గే ఇనుముకి తుప్పు పట్టించిందన్నమాట.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. రాడార్ తరంగాన్ని తిరిగి పంపకుండా లోపలే మింగేసే పలచటి పూత చెయ్యాలి, అది సముద్రం పక్కన బతకాలి. ఇదీ పని. మా ఊరు విశాఖపట్నం, బీచ్ వైపు ఇళ్ళలో కిటికీ గ్రిల్స్ సంగతి తెలిసినవాళ్ళకి రెండో సగం ఎందుకో చెప్పక్కర్లేదు. మింగే పనికి పాతకాలం నుంచీ వాడేది కార్బొనిల్ ఐరన్. ఐరన్ పెంటాకార్బొనిల్ అనే ద్రవాన్ని వేడితో విడగొడితే వచ్చే సన్నటి ఇనప్పొడి అది, మైక్రోస్కోపులో గసగసాల్లా గుండ్రంగా కనిపిస్తుంది. బాగా పనిచేస్తుంది, కానీ బరువు, పైగా తుప్పు. బొగ్గు తేలిక, తుప్పు ఊసే లేదు, కానీ అయస్కాంత గుణం లేదు. రెండూ కలిపితే ఇనుము తగ్గించుకోవచ్చు, బరువూ తగ్గుతుంది, తుప్పూ తగ్గుతుందనుకుని 40 శాతం ఇనుము, 5 శాతం బొగ్గు, మిగతాది ఎపాక్సీ అని మూడో నంబరు పోశాను.

సాయంత్రం సార్‌కి చెప్తే ఆయన నవ్వి, "చిన్నప్పుడు టార్చిలైటు బ్యాటరీ ఎప్పుడైనా పగలగొట్టావా?" అన్నారు. పగలగొట్టని పిల్లలెవరు? మధ్యలో నల్ల కడ్డీ ఉంటుంది, దాంతో గోడల మీద గీతలు గీసేవాళ్ళం. అది కార్బన్. బయట డబ్బా జింకు. బ్యాటరీ వాడేకొద్దీ కరిగిపోయేది జింకు డబ్బానే, కడ్డీ చెక్కు చెదరదు. నేను చేసింది అచ్చంగా అదే, జింకు బదులు ఇనుము పెట్టాను, ఉప్పునీళ్ళు సముద్రం ఇచ్చింది. సముద్రపు నీటిలో లోహాల వరస చూస్తే గ్రాఫైటు ప్లాటినం పక్కన కూర్చుంటుంది, ఇనుము ఎక్కడో కింద. రెండిటికీ కరెంటు దారి దొరికితే కింద ఉన్నది కరగాల్సిందే. పైగా బొగ్గుకి ఉపరితలం విపరీతం, ఇనప గింజ చిన్నది. పెద్ద కాథోడు, చిన్న ఆనోడు, ఇంతకంటే చెడ్డ జోడీ లేదు.

జూన్ 24

దారి మార్చాం. ఇనప గింజ ఒక్కోదానికీ విడిగా గాజు తొడుగు వెయ్యాలి, అంటే సిలికా. అప్పుడు బొగ్గు పక్కనే ఉన్నా కరెంటు దారి ఉండదు. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలామంది చేశారు. కానీ చదివినవాటిలో ఎక్కువభాగం పొడిని ఎలక్ట్రోడు మీద రాసి తుప్పు కొలుస్తారు, ఇంకోచోట మైనంలో కలిపి శోషణ కొలుస్తారు, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెడతారు. ఉప్పునీళ్ళలో నానిన తర్వాత అదే ముక్క ఎంత మింగుతోంది? నాకు కావలసిన అంకె అది.

ఈలోపు బొగ్గు. కొబ్బరి చిప్పలు గుడి దగ్గర కావలసినన్ని. పీచు గీకి, కడిగి, 110 డిగ్రీల్లో ఆరబెట్టి, రోట్లో దంచి, నైట్రోజన్‌లో 700 డిగ్రీలకి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున తీసుకెళ్ళి రెండు గంటలు ఉంచాను. 100 గ్రాములు పెడితే 27 వచ్చింది. తర్వాత బొగ్గులో రంధ్రాలు పడటానికి కాస్టిక్ పొటాష్ కలిపి మళ్ళీ 700. దీనికి అల్యూమినా పడవ (పడవ ఆకారపు గిన్నె) వాడకండి, పొటాష్ దాన్నీ తింటుంది, మాకు ఒకటి పోయింది. నికెల్ క్రూసిబుల్ వాడాం.

900లో కూడా ఒక బ్యాచ్ కాల్చి చూశాను. బొగ్గు ఎంత కాలిస్తే అంత మంచిదనుకుంటాం గానీ, వేడి పెరిగేకొద్దీ కార్బన్ పొరలు సర్దుకుని కరెంటు బాగా పారుతుంది, అప్పుడది అద్దంలా తయారై తరంగాన్ని లోపలికే రానివ్వదు. గాలిలో తరంగానికి కనిపించే ఇంపెడెన్స్, అంటే అడ్డు, 377 ఓమ్‌లు. మన పూత ముఖం కూడా దానికి దగ్గరగా కనిపిస్తేనే తరంగం గడప దాటుతుంది. గడపే దాటకపోతే లోపల ఎంత ఆకలి ఉండి ఏం లాభం? 900 బ్యాచ్ పక్కన పెట్టేశాను.

ఒక చిన్న గొణుగుడు. రంధ్రాలున్న కార్బన్ గురించి ఎవరు రాసినా "తరంగం రంధ్రాల్లో అటూఇటూ కొట్టుకుని అలసిపోతుంది" అని ఒక బొమ్మ వేస్తారు. 10 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 3 సెంటీమీటర్లు, రంధ్రం కొన్ని నానోమీటర్లు. ఏనుగు చీమల పుట్టలో తిరిగిందన్నట్టే ఉంటుంది. రంధ్రాల వల్ల లోపల గాలి ఉండి పర్మిటివిటీ (తరంగంలోని విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) మరీ పెరగకుండా ఉంటుంది, బరువు తగ్గుతుంది. అది చాలు నాకు.

జూలై 8

రెండు వారాలు వృథా. ఉప్పునీళ్ళలో వెయ్యకుండానే, బల్ల మీద డబ్బాలో పెట్టిన బొగ్గు-ఇనుము మిశ్రమం ఎర్రబడింది. వర్షాకాలం, గాలిలో తేమ ఉంటుంది నిజమే, కానీ ఉత్త ఇనప్పొడి అదే బల్ల మీద బాగానే ఉందిగా.

సీనియర్ అక్క వచ్చి "పొటాష్ దేంతో కడిగావు?" అని అడిగింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్, పీహెచ్ 7 వచ్చేదాకా. అక్క ఏమీ మాట్లాడకుండా బొగ్గు చెంచాడు వేడినీళ్ళలో మరిగించి, వడగట్టి, ఆ తేట నీళ్ళలో సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేసింది. నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా అయిపోయాయి. క్లోరైడ్. పీహెచ్ ఏడు చూపించింది గానీ రంధ్రాల్లో ఉప్పు అలాగే కూర్చుంది, అంటే సముద్రాన్ని నేనే లోపల పోసి మూత పెట్టాను.

ఆ రోజు నుంచి పీహెచ్ కాగితం నమ్మడం మానేశాను. మరిగే నీళ్ళతో కడగడం, వడగట్టిన నీళ్ళలో సిల్వర్ నైట్రేటు వెయ్యడం, తెల్లగా వస్తే మళ్ళీ మొదటికి. మొదటి బ్యాచ్‌కి పదకొండుసార్లు పట్టింది. పదకొండోసారి చుక్క పడ్డాక టెస్ట్ ట్యూబ్ వెనక నల్ల కాగితం పెట్టి చాలాసేపు చూశాను, ఏమీ లేదు. ఇప్పుడు చివరి కడుగుకి నైట్రిక్ ఆమ్లం పలచగా వాడితే ఈ బాధ తగ్గుతుందా అని ఆలోచిస్తున్నా, కానీ అది కార్బన్ ఉపరితలాన్ని ఆక్సీకరిస్తుంది, ఒక తలనొప్పి తగ్గించుకుని ఇంకోటి కొనుక్కోవడం.

జూలై 21

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను, ఎవరో ఒకరు నాలాగే చేస్తారు.

సిలికా తొడుగుకి స్టోబర్ పద్ధతి వాడతారు, 1968 నాటిది, ఆల్కహాల్, కాస్త నీళ్ళు, అమ్మోనియా, అందులో టీఈఓఎస్ అనే ద్రవాన్ని చుక్కచుక్కగా వేస్తే అది విడిపోయి సిలికాగా గింజల చుట్టూ పేరుకుంటుంది. అంతా కొలిచి పోసి, బీకరుని మ్యాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెట్టి, స్విచ్ వేసి టీకి వెళ్ళాను. వచ్చి చూస్తే ద్రవం నిర్మలంగా ఉంది. ఇనప్పొడి మొత్తం తిరిగే అయస్కాంతపు కడ్డీకి అతుక్కుని నల్ల గొంగళిపురుగులా గిరగిరా తిరుగుతోంది. ఆరు గంటల తర్వాత ఆ గొంగళిపురుగుకే గాజు తొడుగు పడింది. నాలుగో నంబరు అలా పుట్టకముందే పోయింది.

ఇనప్పొడిని అయస్కాంతంతో కలపాలనుకోవడం. చెప్తే బాబాయ్ కూడా నవ్వాడు. పైనుంచి మోటారుతో తిరిగే గాజు రెక్క ఉన్న స్టిర్రర్ పక్క డిపార్ట్‌మెంట్ నుంచి అడిగి తెచ్చాం. వేగం కూడా ముఖ్యమే, ఇనుము సాంద్రత 7.8 కాబట్టి కాస్త నెమ్మదిస్తే చాలు అడుగున కూర్చుంటుంది, కూర్చున్న గింజకి కింద వైపు తొడుగు ఉండదు.

ఆగస్టు 17

తొడుగు పడిందా లేదా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్లాట్ కోసం మూడు వారాలు ఎదురుచూడక్కర్లేని పద్ధతి ఒకటి దొరికింది. మైలతుత్తం. కాపర్ సల్ఫేటు నీలం ద్రవంలో మామూలు ఇనుము వేస్తే రాగి వచ్చి ఇనుము మీద కూర్చుంటుంది, హైస్కూల్లో మేకుతో అందరం చేసిందే. తొడుగు సరిగ్గా ఉంటే ఇనుము ద్రవానికి తగలదు, రంగు మారదు.

నాలుగు వాచ్ గ్లాసులు వరసగా పెట్టాను. తొడుగు లేని పొడి నిమిషం లోపే ఇటుక రంగుకి తిరిగింది, చుట్టూ నీలం వెలిసిపోయింది. పలచ తొడుగు పొడిలో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, భూతద్దంతో చూస్తే కనిపించేన్ని. అదే పలచ తొడుగు పొడిని ఆర్గాన్‌లో 450 డిగ్రీల్లో గంటసేపు వేడిచేసింది మాత్రం అరగంట దాటినా బూడిద రంగులోనే ఉంది. స్టోబర్ సిలికాలో సన్నటి రంధ్రాలుంటాయి, వేడికి అవి కొంత మూసుకుంటాయి. తేడా అదే. మందం తొడుగు పొడి సరేసరి, ఏమీ కాలేదు.

పలచ తొడుగు, వేడిచేసింది: ఐదో నంబరు. మందం తొడుగు: ఆరో నంబరు. బొగ్గు, ఎపాక్సీ పాళ్ళు మూడో నంబరులో ఉన్నవే. పోల్చడానికి మూడో నంబరూ మళ్ళీ పోశాను.

సెప్టెంబర్ 19

కొలతలకి హైదరాబాద్. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో టిఫిన్ బాక్సు, అందులో దూది, దూదిలో గారెలు. మేము వాటిని గారెలనే అంటాం: బయట 7 మిల్లీమీటర్లు, మధ్య చిల్లు 3.04, మైనంలో పొడి కలిపి అచ్చులో నొక్కినవి, 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా కొలవడానికి కోయాక్సియల్ గొట్టంలో దూర్చేవి. ఎదురు సీటు ఆవిడ "ఏమిటమ్మా అవి, మందులా?" అని అడిగింది. అవునండీ అన్నాను.

మొదటి రోజు అంకెలన్నీ తప్పు. లోపలి కడ్డీకీ గారె చిల్లుకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా పర్మిటివిటీ తక్కువ చూపిస్తుంది, నా అచ్చు అరిగి ఉంది. కొత్త అచ్చుతో నొక్కితే అది సర్దుకుంది. రెండోది, 3 మిల్లీమీటర్ల మందం గారెకి 15 గిగాహెర్ట్జ్ దాటాక గ్రాఫులో ఒక కొమ్ము మొలిచింది. పక్కనున్న కుర్రాడు "రెసొనెన్స్, కొత్త పదార్థ గుణం" అన్నాడు, ఆనందంగా. కాదు నాయనా. ముక్క మందం లోపలి తరంగం పొడవులో సరిగ్గా సగం అయినప్పుడు, కొలతల్లోంచి పర్మిటివిటీ రాబట్టే నికల్సన్-రాస్-వైర్ లెక్క తడబడుతుంది, అంతే. 2 మిల్లీమీటర్ల గారె పెట్టాం, కొమ్ము పోయింది. ఇలాంటి కొమ్ముల మీద ఎన్ని పేరాలు రాసి ఉంటారో.

అసలు ఫలితం ఎపాక్సీ దిమ్మలతో, ఎక్స్ బ్యాండులో, అంటే 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ దాకా. దిమ్మని 22.86, 10.16 కొలతలకి ఎమరీ కాగితంతో అరగదీసి వేవ్‌గైడ్‌లో (తరంగాన్ని నడిపించే నలుచదరపు లోహపు గొట్టంలో) బిగించాలి, 10.16 వైపు కొలత తగ్గకుండా ప్రాణంలా చూసుకోవాలి, సందు అక్కడ వస్తే కొంప మునుగుతుంది. వెనక లోహం ఉన్నట్టు లెక్కేసి, మందం 2.2 మిల్లీమీటర్లకి చూస్తే: మూడో నంబరు 10.6 గిగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 41 డెసిబెల్. ఐదో నంబరు 11.1 దగ్గర మైనస్ 27. ఆరో నంబరు 11.9 దగ్గర మైనస్ 15, మందం తొడుగు వల్ల ఇనుము వాటా తగ్గి అయస్కాంత గుణం పడిపోయింది, అనుకున్నదే.

41 చూడగానే మనసు లాగుతుంది. కానీ లెక్క చూడండి. మైనస్ 10 అంటే పదో వంతు తిరిగొస్తుంది, మైనస్ 20 అంటే నూరో వంతు. మైనస్ 27కి తిరిగొచ్చేది 0.2 శాతం, మైనస్ 41కి 0.01 శాతం లోపు. ఆ తేడా కోసం చొక్కాలు చించుకోవాలా? పైగా ఆ 41 లోతు సూదిమొనంత, మందం 0.05 మిల్లీమీటర్ అటూఇటూ అయితే మాయమవుతుంది, చేత్తో పూసే పూతలో 0.05 ఎవరు పట్టుకుంటారు. మైనస్ 10 కంటే మెరుగ్గా ఉన్న వెడల్పు చూస్తే ఐదో నంబరే నయం, 9.4 నుంచి బ్యాండు చివర 12.4 దాకా.

అక్టోబర్ 14

3.5 శాతం ఉప్పునీళ్ళలో పది రోజులు. అవే దిమ్మలు, అదే వేవ్‌గైడ్, మళ్ళీ హైదరాబాద్. సీసాలతో సహా తీసుకెళ్ళి అక్కడే పైకి తీశాను.

మూడో నంబరు తుడిచి వెంటనే కొలిస్తే 9.7 దగ్గర మైనస్ 14. ఎక్కడి 41, ఎక్కడి 14! కానీ ఇక్కడ తొందరపడి తుప్పు అనేస్తే తప్పు. నీళ్ళ పర్మిటివిటీ 10 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా 60 పైచిలుకే, ఎపాక్సీ కాస్త తాగినా శిఖరం, అంటే ఎక్కువగా మింగే చోటు, తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు జరుగుతుంది. 60 డిగ్రీల్లో రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ కొలిచాను. 10.3కి తిరిగొచ్చింది, లోతు మైనస్ 17 దగ్గరే ఆగిపోయింది. శిఖరం పక్కకి జరిగిన దాంట్లో ఎక్కువభాగం తేమ, తిరిగి రానిది తుప్పు.

ఐదో నంబరు: తడిగా 10.9 దగ్గర మైనస్ 24, ఆరాక 11.1 దగ్గర మైనస్ 26. అంకెలు నోట్‌బుక్‌లో రాసి కింద రెండు గీతలు కొట్టాను.

ఇంపెడెన్స్ స్పెక్ట్రం (ఉప్పునీళ్ళలో పూత కరెంటుని ఎంత అడ్డుకుంటోందో ఫ్రీక్వెన్సీ మారుస్తూ చూసే తుప్పు పరీక్ష) కూడా తీశాం, మా ల్యాబ్‌లోనే. తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్క చుక్క రావడానికి నిమిషాలు పడుతుంది, ఈలోపు ట్యూబ్‌లైటు, ఫ్యాను అన్నీ అందులో దూరతాయి. అమ్మ అరిశెలు పంపిన స్టీలు డబ్బా బోర్లించి, దానికి ఎర్త్ తీగ కలిపితే గ్రాఫు కుదుటపడింది. కాకపోతే ఈ పద్ధతిని మా పదార్థం మీద నేను సగమే నమ్ముతాను. పూతలో బొగ్గు ఉందిగా, తుప్పు లేకపోయినా ఇంపెడెన్స్ తక్కువే కనిపిస్తుంది. రంగు వేసిన రేకులకి పెట్టుకున్న కొలబద్ద నల్ల పూతకి పెడితే పూతకి అన్యాయం.

నవంబర్ 23

ల్యాబ్ ఉప్పునీళ్ళు వేరు, సముద్రపు గాలి వేరు. రాత్రి తడి, పగలు ఎండ, మీద ఉప్పు పొర. అందుకని సెప్టెంబర్ మొదట్లోనే స్టీలు రేకుల మీద మూడో నంబరు, ఐదో నంబరు పూతలు వేసి ఆర్కే బీచ్ దగ్గర పెదనాన్నగారి మేడ మీద బట్టల తీగకి వేలాడదీసి వచ్చాను. మూడు నెలలు ముట్టుకోకూడదని ప్లాను.

నిన్న ఫొటోలు తీద్దామని వెళ్తే రేకులు తళతళలాడుతున్నాయి. పెద్దమ్మ వెనకనే వచ్చి, "దీపావళికి ఇల్లంతా దులిపాం కదే, ఇవి మరీ మాసిపోయి ఉన్నాయని కొబ్బరిపీచుతో తోమించాను, బాగా వచ్చాయి కదూ" అంది. ఏమంటాను. బాగా వచ్చాయి పెద్దమ్మా అన్నాను. ఉప్పు పొర పోయింది, టైమ్ లెక్క పోయింది, పూత నిండా గీతలు.

కాసేపు మెట్ల మీద కూర్చుని, కాఫీ తాగాక, భూతద్దం తీశాను. మూడో నంబరు రేకు మీద పీచు గీతలు ఒక్కోటీ సన్నటి ఎర్ర దారంలా తేలాయి, తోమి నెల కూడా సరిగా కాలేదు. ఐదో నంబరు మీద గీతలు ఉన్నాయి, బూడిద రంగులోనే. ఒక మూల, రేకు దాకా తెగినచోట మాత్రం తుప్పు ఉంది, అది కింది స్టీలుది. పూత మొత్తానికి కాకుండా గింజ గింజకీ తొడుగు వెయ్యడం వల్ల ఇదొకటి కలిసొచ్చినట్టుంది, పైన గీరుకున్నా లోపలి గింజ తొడుగు దాని మీదే ఉంటుంది. ఒక్క రేకు చూసి ఇంతకంటే చెప్పను. ఇప్పుడు బ్లేడుతో కావాలని ఎక్స్ ఆకారంలో గీసి మరో నాలుగు రేకులు చెయ్యాలి, గీత లోతు కొలవాలి, ఆరో నంబరుకి కూడా. సార్‌కి ఫొటోలు పంపాను, "తోమడం ఎవరి ఐడియా?" అని అడిగారు.

పాత రేకులు రెండూ మళ్ళీ తీగకే తగిలించి వచ్చాను. పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి దారంతో కట్టాను: పెద్దమ్మా, తోమొద్దు.